ఆడపడుచు సంతకము

స్త్రీలకు ఆస్తిహక్కు లేదని మన దేశమున నిప్పు డెవ్వరును వాదింపజాలరు. అది చట్టమున స్పష్టముగా వ్రాయబడి యున్నది. సుప్రీంకోర్టు దానిని పలుమాఱులు స్థిరపఱచి యున్నది. అట్లయ్యును తెలుగు జిల్లాలలో అన్నదమ్ముల పేర అక్కచెల్లెండ్రు వ్రాసి యిచ్చు హక్కువిడుదల దస్తావేజులు నిత్యకృత్యములై యున్నవి. అక్కచెల్లెండ్ర పేర అన్నదమ్ములు వ్రాసి యిచ్చినవి మాత్రము వెదకినను దొరకుట యరుదు. ఇందులకు కారణ మేమి? ఆడువారందఱును త్యాగశీలలై, మగవారందఱును ఆ గుణము లేనివారై పుట్టుటచేతనా? కాదు. న్యాయస్థానము కాపాడగల హక్కు న్యాయస్థానమునకు పోకముందే, ఇంటి వసారాలోనే, జాఱిపోవుచున్నది.

తండ్రి పోయిన దుఃఖము తీఱకముందే, పెద్దకర్మకు బంధువులందఱును చేరియున్న సమయమున, ఏడ్చి యేడ్చి కన్నులు వాచిన ఆడపడుచు ముందఱ నొక కాగితము పెట్టి, “ఇక్కడొక సంతకం పెట్టమ్మా” అని యడుగుట మన కుటుంబములలో ఆచారమై పోయినది. ఆ కాగిత మేదియో ఆమె యడుగదు, వారు చెప్పరు. అడిగినచో, “అన్నను నమ్మవా?” అను ప్రశ్నయే ప్రత్యుత్తరము. ఈ యాచారము నీతికి విరుద్ధమనియు, చట్టము నుద్దేశమునకు విరుద్ధమనియు, చదువుకొన్న కుటుంబములు దీనిని వెంటనే విడువవలసి యున్నదనియు మా వాదము. క్రైస్తవులకును ముస్లిములకును వారసత్వపు నియమములు వేఱుగా నున్నవి గాన నిచట హిందూ కుటుంబముల విషయమే చెప్పబడుచున్నది.

మొదట ఈ హక్కు ఎంత కష్టముమీద వచ్చినదో జ్ఞాపకము చేసికొందము. పూర్వపు మితాక్షర న్యాయము ననుసరించి కొడుకు లున్నచోట కుమార్తెకు తండ్రి యాస్తిలో నేమియు లేకుండెను. 1937వ సంవత్సరపు చట్టము వితంతువునకు భర్త భాగము నిచ్చినను, అది ఆమె జీవితకాలమునకు మాత్రమే పరిమితము. అమ్ముటకు గాని, ఇష్టమైనవారి కిచ్చుటకు గాని సాధారణముగా వలను పడదు. 1956 జూన్ 17వ తేదీన అమలునకు వచ్చిన హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కొడుకును, కూతురును, భార్యను, తల్లిని సమానముగా నిలిపెను. స్త్రీకి వచ్చిన యాస్తిని ఆమెకు సంపూర్ణముగా స్వాధీనము చేసెను. అయినను పిత్రార్జితమైన ఉమ్మడి యాస్తి విషయమున పాత పద్ధతి నిలిచియే యుండెను. ఒక గృహస్థునకు భార్య గతించి, ఒక కొడుకును ఒక కూతురును ఉన్నారనుకొందము. పిత్రార్జితము పండ్రెండెకరములు. ఆయన చనిపోయినపుడు మొదట తండ్రికొడుకుల నడుమ పంపకము జరిగినట్లు భావించి ఆఱెకరములు కొడుకునకు చేర్చుదురు. తండ్రి వంతైన ఆఱెకరములు మాత్రమే ఇరువురకును పంచబడును. కొడుకునకు తొమ్మిది, కూతునకు మూడు!

ఈ యసమానతను తొలగించుటలో తెలుగువారు దేశమునకు దారి చూపిరని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ, కుమార్తెను పుట్టుకతోనే ఉమ్మడి యాస్తిలో భాగస్వామినిగా చేసెను. కాని ఆ తేదీకి ముందు పెండ్లియైనవారిని విడిచిపెట్టెను. తరువాత 1989లో తమిళనాడును, 1994లో మహారాష్ట్ర కర్ణాటకములును ఆ దారినే నడచినవి. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి పార్లమెంటు చేసిన సవరణ పెండ్లియైనవారు కానివారు అను భేదమును సయితము తీసివేసి, దేశమందలి కుమార్తెల కందఱకు కొడుకులతో సమానమైన హక్కు నిచ్చినది. ఆ తేదీనాటికి తండ్రి బ్రతికి యుండనవసరము లేదని 2020 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు సందేహము తీర్చినది. “ఎప్పుడో నోటిమాటగా పంచుకొంటిమి” అను వాదమును సామాన్యముగా నమ్మరాదనియు హెచ్చరించినది. పైని జెప్పిన పండ్రెండెకరములు నేడు ఆఱును ఆఱును. ఇంతవఱకు చట్టము తన పని తాను చేసినది.

ఇక ఇంటి పెద్ద మరణించిన పిమ్మట జరుగు వ్యవహారమును చూతము. ఇందు నాలుగు విధములైన కాగితములు తరచుగా వచ్చును. వాని యర్థము తెలియకుండుటచేతనే ఆడపడుచులు మోసపోవుచున్నారు.

మొదటిది, తహశీల్దారు కార్యాలయమునుండి వచ్చు కుటుంబసభ్యుల ధ్రువపత్రము. చనిపోయినవాని కుటుంబమున నెవరెవరున్నారో అది చెప్పును. పింఛను మొదలగు వానికి పనికివచ్చును. ఎవరికెంత భాగమో అది చెప్పదు. రెండవది, 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము క్రింద సివిలు కోర్టు ఇచ్చు వారసత్వ ధ్రువపత్రము, అనగా సక్సెషను సర్టిఫికెట్టు. ఇది బ్యాంకి నిలువలు, బాండ్లు, వాటాలు, రావలసిన బాకీలు మొదలగు వానికే గాని భూమికి గాని యింటికి గాని చెల్లదు. దీని కొఱకు అర్జీ పెట్టుకొన్నవాడు దగ్గఱి బంధువుల పేర్లను చూపవలెను; కోర్టు నోటీసు లిచ్చును; అభ్యంతరములు లేకున్నచో పత్రము నిచ్చును. దీనిని చూచి డబ్బు చెల్లించిన బ్యాంకి తన బాధ్యతనుండి విముక్తి పొందును. పుచ్చుకొన్నవాడు మాత్రము తక్కిన వారసులకు లెక్క చెప్పవలసియే యున్నాడు. ఆ విచారణలోని తీర్పు తరువాతి దావాలో హక్కును గూర్చి వాదించుకొనుట కడ్డు రాదని చట్టమే చెప్పుచున్నది.

మూడవది నామినీ పత్రము. నామినీ యనగా వారసుడని జనసామాన్యమున నొక భ్రాంతి కలదు. బ్యాంకి నిలువల విషయమున నామినీ డబ్బును అందుకొనుటకు నియమింపబడినవాడే గాని దాని కంతకును యజమాని కాడు. కంపెనీ వాటాల విషయమునను ఇదియే న్యాయమని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నాలుగవది రెవెన్యూ దాఖలాలలో పేరు మార్పు. పట్టాదారు పాసుపుస్తకమున అన్న పేరెక్కినంత మాత్రమున చెల్లెలి హక్కు చావదు; ఆ నమోదు శిస్తు మొదలగు వ్యవహారముల కొఱకే గాని, లేని హక్కును పుట్టించుటకు గాదు.

ఈ నాలుగింటిలో నేదియు ఆస్తిని పంచదు. కాని వీనిని సంపాదించుటకు వారసులందఱి పేర్లును చూపవలసి వచ్చును. పలుమాఱులు అందఱి సమ్మతియు కావలసి వచ్చును. అనగా చట్టము ఆడపడుచును వాకిట నిలువబెట్టి, “ఈమె నడుగకుండ ముందునకు పోవలదు” అని శాసించుచున్నదన్నమాట. ఇంతటి గౌరవస్థానమును మన మేమి చేసితిమి? ఒక లాంఛనముగా మార్చివేసితిమి. “పింఛను కొఱకు”, “బ్యాంకి కొఱకు” అని సంతకములు తీసికొనుచు, ఆ కట్టలోనే ఐదవ కాగితమును గూడ చేర్చుచున్నాము. అదియే హక్కువిడుదల దస్తావేజు.

ఈ ఐదవ కాగితము తక్కిన నాలుగింటివంటిది గాదు. ఇది రిజిష్టరు చేయబడిన వెంటనే ఆడపడుచు భాగము నిజముగానే పోవును. తరువాత ఆమె మేల్కొని, “నన్ను మోసపుచ్చిరి” అని కోర్టు కెక్కవలెనన్న, మోసమును గాని బలవంతమును గాని ఆమెయే ఋజువు చేయవలెను. ఆ సంగతి తెలిసిన మూడేండ్లలోపల దావా వేయవలెను. అందుకు సాక్షు లెవ్వరు? ఆనాడు వసారాలో కూర్చున్న బంధువులే. వారిలో నొక్కడైనను బోనెక్కి మేనల్లుని పక్షము విడిచి మేనకోడలి పక్షమున చెప్పునా? సబ్‌రిజిస్ట్రారు అడుగు ప్రశ్నలు కొద్ది: “ఇది నీ సంతకమేనా? ఇష్టపూర్వకముగా వ్రాసితివా?” అన్నగారు ప్రక్కను నిలుచుండగా ఆమె “అవును” అనక మఱేమనును? ఆ యొక్క మాటతో డెబ్బది యేండ్ల శాసనచరిత్ర తుడిచివేయబడును.

తండ్రి బ్రతికి యుండగానే, ఆయన స్వార్జితములో ముందెప్పుడో రాబోవు భాగమును కూతుచేత వదలించుకొన జూచువారును కలరు. కేవలము వారసత్వపు ఆశ బదలాయింపదగిన యాస్తి కాదని 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టమే చెప్పుచున్నది. ప్రతిఫలము పుచ్చుకొని వ్రాసియిచ్చినపుడు చిక్కులు కలుగవచ్చును గాన, అట్టి కాగితముల జోలికి పోకుండుటయే క్షేమము.

ఈ యాచారమును సమర్థించువారు చెప్పు మాటలను విందము. “కూతునకు కట్న మిచ్చితిమి గదా, అదియే ఆమె భాగము” అని కొందఱందురు. కట్న మిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961నుండి నేరములు. నేరముగా చేసిన చెల్లింపును న్యాయమైన బాకీక్రింద జమకట్టుమనుట యెట్టి లెక్క? పైగా ఆ కట్నము ఆమె చేతికి వచ్చినదా? మామగారి పెట్టెకు పోయినది. ఆడబిడ్డ పెండ్లికి ఖర్చయినది. ఇతరుల చేతబడిన ధనమును ఆమె భాగమని చెప్పుట కంటె అన్యాయము లేదు. కొడుకు చదువునకును ఉద్యోగమునకును తండ్రి పెట్టిన ఖర్చును అతని భాగమునుండి తగ్గించుకొన్న కుటుంబమును మే మింకను చూడలేదు.

“ఆమెకు అత్తవారింట భాగము వచ్చును గదా” అని మఱికొందఱు. ఇది కేవలము అజ్ఞానము. భర్త బ్రతికి యుండగా మామగారి యాస్తిలో కోడలికి భాగము లేదు. భర్త పోయిన పిమ్మట మాత్రమే, అతని వితంతువుగా, ఆమెకు వచ్చును. పుట్టినింట విడిచి, మెట్టినింట లేక, ఆమె నిలువదగిన నేల యెక్కడ?

“భూమి ముక్కచెక్క లగును” అనువారు అర్థశాస్త్రజ్ఞులవలె మాటలాడుదురు. నలుగురు కొడుకులున్న యింట భూమి నాలుగు ముక్కలగుచున్నది. అపుడు మూడవవానిని నాలుగవవానిని పిలిచి, “కమతము చిన్నదగును, మీరు విడిచిపెట్టుడు” అని యెవరైన ననిరా? భూమి చీలిక యను దుఃఖము కూతురు భాగ మడిగినపుడే ఏల కలుగవలెను? చట్టమున దీనికిని మార్గము చూపబడినది. అట్లు వారసత్వముగా వచ్చిన స్థిరాస్తిలో నొకరు తమ భాగమును అమ్మదలచినచో, తక్కిన వారసులకు ముందుగా కొనుహక్కు కలదు. చెల్లెలి యెకరము కావలెనన్న అన్నగారు వెల యిచ్చి కొనవచ్చును. ఉచితముగా కావలెననుటయే మేము తప్పనునది.

చివరకు మిగిలినది రాకపోకల మాట. “భాగ మడిగినచో పుట్టింటి తలుపులు మూసికొనును” అని తల్లులే కూతులకు బోధింతురు. సంక్రాంతికి ఒక చీర, రవికెగుడ్డ, పసుపు కుంకుమలు! వీని కొఱకు మూడెకరములో ఆఱెకరములో మూల్యముగా నిచ్చుచున్నదన్నమాట. భాగము విడిచిపెట్టిననాళ్లు నిలిచి, అడిగిననాడు చచ్చునది తోబుట్టువుల ప్రేమ కాదు. పుట్టినిల్లు ఆమెకు హక్కుగా ఉన్ననాడే, ఆమె రాకపోక లెవరి దయపైనను ఆధారపడవు. 1956వ చట్టమున తండ్రి యింటి పంపకమును కోరుటకు కుమార్తెకు అడ్డుగా నున్న నిబంధనను 2005లో తీసివేయుట కిదియే కారణము.

“అయినచో కోర్టుకు పొమ్ము” అని బెదిరించువారు కలరు. ఆ బెదిరింపులో కొంత నిజ మున్నదని మేము ఒప్పుకొనవలసి యున్నది. పంపకపు దావాలో మొదట ప్రాథమిక డిక్రీ వచ్చును: ఎవరికెంత వంతో అది తేల్చును. తరువాత కమీషనరు పొలమునకు పోయి కొలిచి, హద్దులు గుర్తించి నివేదిక నిచ్చిన పిమ్మట తుది డిక్రీ, అదియు స్టాంపు కాగితముపై నెక్కవలెను, అటుపిమ్మట స్వాధీనము. ఈ రెండు డిక్రీల నడుమ ఏండ్లకు ఏండ్లు గడచిపోవుటను చూచి 2009లో సుప్రీంకోర్టు విచారము తెలిపినది. కక్షిదారు వేఱుగా అర్జీ పెట్టుకొనువఱకు వేచియుండక కోర్టే తుది డిక్రీ వైపు నడపవలెనని 2022లో ఆదేశించినది. తుది డిక్రీ కానంతవఱకు వంతులను సవరింపవచ్చునని, 2005వ సవరణ ఫలమును కుమార్తెలకు కలుగజేయవచ్చునని, ఒక తెలుగు కుటుంబపు వ్యాజ్యములోనే 2011లో తీర్పు వచ్చినది. మఱియొక సంగతి: ఉమ్మడి స్వాధీనములో నున్నవారు వేయు పంపకపు దావాకు కోర్టు రుసుము స్వల్పము, స్వాధీనమునుండి తొలగింపబడినవారు ఆస్తి విలువను బట్టి చెల్లింపవలసి వచ్చును. కావున ఆలస్యము చేసినకొలది చెల్లెలికి నష్టము, అన్నకు లాభము. కోర్టు ఆలస్యమును దోపిడికి ఆయుధముగా చేసికొనువాడు న్యాయమును గూర్చి మాటలాడ తగడు.

ఇక వీలునామాల మాట. తండ్రి జీవించి యుండగా నెవ్వరును చూడని వీలునామా, చెల్లెలు భాగ మడిగిన మఱునాడు పెట్టెలోనుండి బయటికి వచ్చుట మన మెఱుగని వింత కాదు. వీలునామా చెల్లుటకు వ్రాసినవాని సంతకమో వ్రేలిముద్రయో ఉండవలెను. ఇద్దఱు సాక్షులు దానిని ధ్రువపఱచి సంతకములు చేసి యుండవలెను. స్టాంపు అవసరము లేదు. రిజిష్టరు చేయుట మంచిదే గాని విధి కాదు. ప్రొబేటు అనగా వీలునామా నిజమైనదని కోర్టు తన ముద్రతో ఇచ్చు ప్రతి. దానిని వీలునామాలో నియమింపబడిన నిర్వాహకునికే ఇత్తురు. వీలునామా నిజమా కాదా యన్నదే అచట విచారణ, ఆస్తి యెవరిదన్నది కాదు. మదరాసు, కలకత్తా, బొంబాయి నగరములలో వ్రాసిన వీలునామాలకును, అచటి స్థిరాస్తికి సంబంధించినవానికిని హిందువులకు ప్రొబేటు నిర్బంధముగా నుండెడిది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ నిర్బంధమును తొలగించినది. తెలుగు జిల్లాలలో నది యెన్నడును లేదు. కాని ప్రొబేటు అక్కఱలేదన్న మాత్రమున ఋజువు అక్కఱలేదనుకొనరాదు. సాక్షి యొక్కడైన బ్రతికి యున్నచో వానిని కోర్టులో విచారింపవలెను. వీలునామావలన లాభపడువాడే దానిని వ్రాయించుటలో ముందు నిలిచినచో, ఆ సందేహమును వాడే తీర్పవలెనని 1958నాటి తీర్పు మొదలుకొని న్యాయస్థానములు చెప్పుచునే యున్నవి. కాబట్టి పెట్టెలోనుండి వచ్చిన కాగితమును చూచి ఆడపడుచు భయపడి సంతకము చేయనక్కఱలేదు.

వీలునామా వ్రాయుట చావును పిలుచుట యని తలచి పెద్దలు మౌనము వహించుచున్నారు. ఆ మౌనమే సంతకపు కాగితమునకు తల్లి. ముఖ్యముగా స్త్రీలు తమ స్వార్జితమునకు వీలునామా వ్రాసికొనవలెను. వివాహిత వీలునామా లేక చనిపోయినచో, బిడ్డలును భర్తయు లేనపుడు, ఆమె స్వార్జితము తల్లిదండ్రులకు గాక మొదట భర్త వారసులకు పోవునని 1956 చట్టపు 15వ సెక్షను చెప్పుచున్నది. పెండ్లియైన కొద్ది నెలలకే వితంతువై, అత్తవారింటినుండి వెళ్లగొట్టబడి, పుట్టినింట చదువుకొని, ఉద్యోగము చేసి కూడబెట్టిన యొక స్త్రీ ధనము, ఆమెను వెళ్లగొట్టినవారి పక్షమునకే చెందునని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చినది. ఆమె ఒక్క కాగితము వ్రాసి, ఇద్దఱు సాక్షులచేత సంతకములు చేయించి యున్నచో ఆ యన్యాయము జరిగియుండదు. పరుల కాగితములపై సంతకము చేయుటకు అలవాటుపడిన చేయి, తన కాగితముపై సంతకము చేయుటకు జంకుచున్నది!

తన భాగమెంతో తెలిసికొని, ఆస్తి పట్టికను చూచి, దస్తావేజును తన భాషలో చదివించుకొని, తనకు నమ్మకమైన న్యాయవాదితో ఆలోచించి, “మా తమ్ముడు బీదవాడు, నాకు వలదు” అని విడిచిపెట్టు ఆడపడుచును మేము తప్పుపట్టము. అది దానము, దానము చేయువారికి హక్కు ఉండవలెను గదా. తెలియక విడిచినది దానము కాదు.

కావున చదువరులారా, మీ యింట ఈ నియమములను నిలుపుడు. పెద్దకర్మ ముగిసి కొన్ని నెలలు గడచువఱకు ఆస్తికి సంబంధించిన యే దస్తావేజుపైనను ఎవ్వరిచేతను సంతకము చేయింపకుడు. స్థిరాస్తులు, బ్యాంకి నిలువలు, బంగారము, అప్పులు — వీని పట్టిక నొకటి వ్రాసి, కుమార్తెలతో సహా ప్రతి వారసునకును ఒక్కొక్క ప్రతి నిండు. సోదరీమణులారా, పింఛను కాగితము వేఱు, విడుదల కాగితము వేఱు. ప్రతి కాగితమునకును మొదటి పంక్తినుండి తుది పంక్తివఱకు చదివిన పిమ్మటనే కలము పట్టుడు. సోదరులారా, మీ చెల్లెలు కాగితము చదివెదనన్నప్పుడు “నన్ను నమ్మవా?” అని యడుగకుడు, చదువుటకు కుర్చీ వేయుడు. చట్టము చేయగలిగినది చేసినది. మిగిలినది మన వసారాలలో జరుగవలసి యున్నది.